అమ్మ పని ఏమిటని అడిగినప్పుడు

మీ అమ్మ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, ఆలోచించకుండా మీరు చెప్పే మొదటి మాట ఏది?

"ఇంట్లోనే ఉంటది సార్" అన్నాను నేను. పోయిన ఏడాది సచివాలయం నుంచి సర్వేకు వచ్చిన ఉద్యోగి మా వాకిట్లో నిలబడి అడిగారు. అప్పుడు నేను ఆడవాళ్ల ఇంటి శ్రమ మీద మార్కాపురంలో జరగబోయే కాలేజీ డిబేటుకు కాగితాలు సర్దుకుంటున్నాను. బిడ్డల్ని పెంచిన ఏళ్లను జర్మనీలో పింఛనుకు కలుపుతారనీ, ఇంటి దగ్గర చేసే కూలిపనికి థాయిలాండ్‌లో ప్రత్యేక చట్టం ఉందనీ వాటిలో రాసుకున్నాను. నా వెనుక వసారాలో అమ్మ పలకలకు చెక్క చట్రాలు బిగిస్తోంది. ఆ సుత్తి చప్పుడు వినబడుతుండగానే ఆయన ట్యాబులో 'గృహిణి' అని నమోదు చేసుకుని వెళ్లారు.

మా తర్లుపాడు వైపు ఇది ఎవరికీ తప్పుగా తోచదు. నాన్న ఫ్యాక్టరీకి వెళ్లి పలక కోస్తే అది ఉద్యోగం. అదే పలక ఆటోలో ఇంటికొచ్చి అమ్మ ఒడిలో పడితే, అది వంట అయ్యాక చేసుకునే సంగతి. ఆ పలకల కట్టలు కూడా నాన్న పేరు మీదే వస్తాయి.

డిబేటులో నాకు మొదటి బహుమతి వచ్చింది. కొన్నాళ్లకు సుత్తి జారి అమ్మ బొటనవేలు చితికింది. కట్టు విప్పాక ఆమె కార్మిక కార్డు కోసం సచివాలయానికి వెళ్లింది. రేపు చెయ్యే పోతే ఆదుకునేది ఆ కార్డు మీది ప్రమాద బీమా ఒక్కటే. అక్కడి గుమాస్తా కంప్యూటరు చూసి, గృహిణి అని ఉంది గనక కార్డు రాదనీ, మార్చాలంటే ఆమె పని చేస్తున్నట్టు తెలిసినవాళ్లు వచ్చి చెప్పాలనీ అన్నారు.

ఇంటికొచ్చే దారిలో, సర్వేకు ఆ జవాబు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. అమ్మ కోప్పడలేదు.

"నన్నడిగినా అట్లనే చెప్తుంటిలే పాపా" అంది.

తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

సాయంత్రం పక్కింటి పెద్దమ్మకు విషయం తెలిసింది. ఆమెదీ చట్రాల పనే.

"ఏందే పాపా, మీ అమ్మ ఖాళీగుంటే పొద్దున్నుంచి ఆ టకటక ఎవురిది? మీ పెయ్యదూడదా?"

మరునాడు పెద్దమ్మ మరో ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, పని మానుకుని మాతో సచివాలయానికి వచ్చింది. నేను మాట్లాడబోతే ఆపి, పలక పొడి గీతల్లో ఇంకిన తన రెండు అరచేతులూ బల్ల మీద పరిచింది. "పెండ్లయి వచ్చిన కాడ్నుంచి నా పక్కనే కూచోని చేస్తాంది సార్" అంది. గుమాస్తా సవరణ దరఖాస్తు తానే నింపి, మరి మీ అందరి పేర్ల ముందూ ఏముందో చూడమంటారా అని అడిగారు. చూస్తే నలుగురూ గృహిణులే. పెద్దమ్మే ముందుగా నవ్వింది. ఆ రోజు ఐదు దరఖాస్తులు వెళ్లాయి.

అమ్మ కార్డు వచ్చింది. పెద్దమ్మది ఇంకా రాలేదు, వారానికోసారి వెళ్లి అడుగుతున్నాను. నేను వేదిక మీద వాళ్ల పక్షాన మాట్లాడి బహుమతి తెచ్చుకున్నాను. వాళ్లు ఒక రోజు కూలి వదులుకుని నా తప్పు దిద్దారు. ఆ మేలు నేను మరువను.

మీ వాకిట్లోకి సర్వే వచ్చినప్పుడు దయచేసి మీరు జవాబు చెప్పకండి. లోపలికి వెళ్లి అమ్మను పిలవండి. ఆమె కూడా ఖాళీగానే ఉంటానంటే, చేతిలో ఉన్న పనిని చూపించి దాని పేరు రాయించండి. ఇప్పటికే గృహిణి అని పడి ఉంటే, ఈ వారమే ఆమెను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లండి.