ఫొటో కోసం విప్పిన బూట్లు

నిన్న షార్జాలో మా మనవరాలు స్కూలుకని తెల్ల కాన్వాస్ బూట్లకు పాలిష్ పూస్తుంటే, కెన్యాలో మా మిషన్ బంగళా వాసనే వచ్చింది. మిషన్ స్కూళ్ళలో చదివిన నా ఈడు వాళ్ళూ, ఆదివారం గుడికని బూట్లకు సుద్ద పూసుకోవడం గుర్తుందా?

మా నాన్న మన దేశం నుంచి అక్కడికి వెళ్ళిన మిషనరీ. అక్కకూ నాకూ మంచి బూట్లే ఉండేవి. దాతలకు పంపే ఫొటోకి మాత్రం విప్పించేవాడు. "బూట్లేసుకున్న పిల్లల్ని చూసి ఎవరు జాలిపడతార్రా?" అనేవాడు. ఆఖరిసారి అక్కకు జ్వరం. "నేల కాలుతోంది నాన్నా" అంది. "కదలకు" అన్నాడాయన. ఆ వారమే అక్క పోయింది. శవపెట్టెలో పడుకోబెట్టాక ఆయనే బూట్లు తొడిగి లేసులు కట్టాడు. ఫొటో మాత్రం ఏళ్ళ తరబడి దాతలకు వెళ్తూనే ఉంది. ఆయన త్యాగం మీద సంఘం వాళ్ళు వేసిన పుస్తకాలన్నీ చదివాను. ఒక్కదాంట్లోనూ అక్క లేదు.

మా అబ్బాయీ పాస్టరే. షార్జా శివార్లలో సజ్జా లేబర్ క్యాంపుల్లో మనవాళ్ళకు ప్రార్థన చేస్తాడు. నిన్న మధ్యాహ్నమే, ఇండియాలో మా ఊరి సంఘానికి ఫొటో పంపాలని పిల్లను ఇసుకలో నిలబెట్టాడు.

"బూట్లు విప్పమ్మా, యల్లా, త్వరగా! సాదాగా కనబడాలి."

పిల్ల ఒక బూటు విప్పింది. "కాలుతోంది డాడీ!"

"రెండోది విప్పకు తల్లీ" అన్నాను.

"మీకు తెలీదు, ఊరుకోండి నాన్నా."

"నాకు తెలిసినంత మీ తాతకు కూడా తెలీదురా!"

వంగి, విప్పిన బూటు తొడిగాను. అంత ఎండలోనూ ఆ పాదం చల్లగా తగిలింది. లేసు ముడి వేశాక చాలాసేపు తలెత్తలేదు, పిల్ల ముఖం కనబడుతుందో, అక్క ముఖం కనబడుతుందోనని.