ఆ ఉదయం నేను ఆపని సర్వర్

ఒక చిన్న అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. రెండు మాటల అబద్ధం. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జావా నేర్చుకునేవాణ్ణి. ల్యాబ్ మొత్తానికి ఒకే సర్వర్, అందరి ప్రోగ్రాములూ దాని మీదే నడిచేవి. దాన్ని చూసుకునే పని సార్ నాకు అప్పగించారు. నేను తప్ప ఇంకెవరూ దాన్ని ఆపకూడదు. ఎవరైనా కోడ్ మారిస్తే, సర్వర్ ఆపకుండానే కొత్త కోడ్ దానంతటదే ఎక్కేలా పెట్టాం. కానీ అన్ని మార్పులూ అలా ఎక్కవు. నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి: ఉన్న ఫంక్షన్ లోపల ఏది మార్చినా ఎక్కుతుంది. రెండు: కోడ్‌లోని క్లాసులో కొత్త ఫీల్డ్, అంటే ఒక వివరం దాచుకునే కొత్త గడి, చేరిస్తే ఎక్కదు. మూడు: అప్పుడు సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే పాత కోడే నడుస్తుంది.

మా బ్యాచ్‌లోనే ఒక అమ్మాయి ఉండేది. ఆమెది నల్గొండ వైపు పల్లె. ఎల్బీనగర్‌లో హాస్టల్. మా ఇల్లూ అటే. మధ్యాహ్నం బంద్ పిలుపు వచ్చి బస్సులు ఆగిపోతే ఇద్దరం నడిచి వెళ్లేవాళ్లం. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి తొక్క చూసి అది ఏ ఊరి తోటదో చెప్పేది. నిజమో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ బత్తాయి చేతికొస్తే ముందు తొక్కే చూస్తాను. ఏమీ తెలియదు. నేను బంద్‌లు కోరుకున్నది రాష్ట్రం కోసమేనా?

ప్రాజెక్టులు చూసి ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటామని ఒక కంపెనీ వాళ్లు అన్నారు. ఉద్యోగం పుణెలో. బంద్‌ల వల్ల రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి వచ్చారు. ఆమెది బస్ పాస్‌ల ప్రాజెక్టు. మా అందరిలో అదే బాగుంది. ఆ ఉదయం పాస్ గడువు చూపించడానికి ఒక కొత్త ఫీల్డ్ చేర్చి నా దగ్గరికి వచ్చింది.

"ఏం సర్వర్ సాబ్, నీ మిషన్‌ను ఒకసారి ఆపి లేపాల్నా?"

"అవసరం లేదు. అదే తీసుకుంటది."

"పక్కానా? అందరి ముంగట నా ఇజ్జత్ తియ్యకు."

"పక్కా."

మార్పు ఎక్కలేదని నా స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. మూసేశాను. ఆపి మళ్లీ లేపడం నాలుగు నిమిషాల పని.

ఎందుకు? అసూయ అని రాస్తే సులువు. అది కాదు. ఉద్యోగం రాకపోతే ఆమె ఇంకో బ్యాచ్‌లో చేరుతుందని, ఇంకొన్ని నెలలు కొత్తపేట మీదుగా నాతో నడుస్తుందని, ఆ నెలల్లో ఎప్పుడో ఒకసారి నా మనసులో మాట చెప్పగలనని అనుకున్నాను. అనుకున్నానంతే.

గడువు తేదీ కనిపిస్తుందని చెప్పి ఆమె బటన్ నొక్కింది. తేదీ రాలేదు. మళ్లీ నొక్కింది. "ఇది మీరే రాశారా అమ్మా?" అన్నాడు కంపెనీ నుంచి వచ్చినాయన. ఆమె నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను. ఉద్యోగం ఇంకొకరికి వచ్చింది.

మూడో రోజున ఎల్బీనగర్ చౌరస్తాలో, కాళ్ల దగ్గర సంచితో, నల్గొండ బస్సు కోసం నిలబడింది. "రెండుసార్లు వాయిదా పడ్డా ఆగిండు మా బాపు. ఇగ చాలు, వచ్చెయ్ అన్నడు," అంది. ఆ సంగతి నాకు అంతకుముందు తెలియదు. తెలిస్తే సర్వర్ ఆపేవాణ్ణా? ఏమో. బస్సు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నా కోడ్‌ల ఏడ తప్పు రాసిన్నో చూసి చెప్పు," అంది.

"చూసి చెప్తా," అన్నాను.

ఆమె ఫోన్ నంబరు మారిపోయిందని నాకు నేను చెప్పుకుంటాను. మారకముందు చాలా నెలలున్నాయి. ఆమె ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. తనకు కోడ్ రాయడం రాదని నమ్మేసిందేమో. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు. చెప్తానన్న జవాబు మాత్రం ఇన్నేళ్లకు, ఆమెకు కాదు, మీకు చెబుతున్నాను. ఆ కోడ్‌లో తప్పు లేదు. ఒక్క అక్షరం కూడా.