రాయి రాసిన అప్పలనరసమ్మ

1968లో నేను కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్ల వయోజన విద్యా కేంద్రం నడిపేదాన్ని. ఊడుపులు అయిపోయాక, మధ్యాహ్నం పూట, రైసు మిల్లు వరండాలో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ప్రైమర్, అంటే మొదటి వాచకం, పంచాయతీ సమితి ఆఫీసు నుంచి వచ్చేది. అందులో అల, వల, తల అని ఉండేవి. చేలో నడుం వంచి వచ్చినవాళ్లకు అవి చూడగానే నిద్ర ముంచుకొచ్చేది. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే.

అందుకని ప్రైమర్ మూసేసి, వాళ్ల నోట్లో నానే మాటలతోనే పాఠం మొదలుపెట్టాను. మొదటి మాట రాయి. రెండే అక్షరాలు, పైగా ఇంట్లో తిరగలి నుంచి గుళ్లో దేవుడిదాకా అంతా రాయే కదా! "గుండె రాయి సేసుకున్నాను" అని ఒకావిడ, "సీకట్లో రాయి ఇసిరినట్టు" అని ఇంకొకావిడ, ఎవరి రాయి వాళ్లు తెచ్చారు. అన్నీ బోర్డుకెక్కించాను. పురాణాల్లో శాపం తగిలిన మనిషి రాయి అయిపోతాడు. మా వరండాలో రాళ్లకే నోరొచ్చింది.

అందరిలోకీ గట్టి మనిషి అప్పలనరసమ్మ, యాభై దాటిన రైతు ఇల్లాలు. "ముసల్దానివి, నీకు సదువేటే? ఆ బడి ఎత్తేస్తే సేలోకొచ్చి సాయం సేద్దువు గాని" అని మొగుడు రోజూ సణిగేవాడట. ఎత్తేసే మాట ఉత్తది కాదు. ఇన్‌స్పెక్షన్‌లో డిక్టేషన్, అంటే చెప్పిన మాట విని రాయడం, రాకపోతే కేంద్రం మూసేస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇది మూస్తే ఆవిడకి చుట్టుపక్కల ఇంకో బడి లేదు.

ఆఫీసరుగారు రానే వచ్చారు. అప్పలనరసమ్మనే లేపి, సుద్దముక్క చేతికిచ్చి, "రాయి" అన్నారు.

"రాస్తానండి. ఏటి రాయమంతారు?"

"రాయి."

"అదేనండి బాబూ, ఏటి రాయాల?"

"రాయి! రాయి!" ఆయన గొంతు పెరిగింది.

"అలా తొందరపెడితే ఎలాగండి? మాట సెప్తే కదా రాయడానికి!"

వెనక ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను నోరు విప్పబోతే, "మీరు అందించకండి" అని కసిరారు. "బండరాయికి చదువు చెబుతున్నారా? ఈ సెంటర్ తీసేయడమే మేలు" అంటూ లేచారు.

బండరాయి అన్న మాట చెవిన పడ్డాక ఆవిడకి వెలిగింది.

"ఓలమ్మ! ఆ రాయా! కూకోండి బాబూ, కూకోండి" అని బోర్డు వైపు తిరిగింది. ఎవరూ చెప్పని ముక్క, తన సొంతం, గుండ్రంగా రాసింది:

"ఏ రాయైతేనేటి రాసుకోడానికి."

ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అన్న సామెత తెలియని తెలుగువాడెవడు? ఆఫీసరుగారు ఒకసారి చదివారు. మళ్లీ చదివారు. ఇక ఆగలేక పొట్ట పట్టుకుని నవ్వారు. "ఈ సెంటర్ జోలికి ఎవరూ రారమ్మా" అన్నారు.

ఆవిడ ఊరుకుంటుందా? "అలగైతే పలకలు సాలడం నేదు, పంపండి" అంది. వరండా అంతా చప్పట్లు. నేనైతే సంతోషం పట్టలేక అందరి ముందూ ఏడ్చేశాను.

చెప్పింది రాస్తే చదువొచ్చినట్టు కాదని ఆ రోజు నాకు తెలిసింది. తరవాత ఎన్ని ఊళ్లు మారినా నేను డిక్టేషన్ పెట్టలేదు. "నన్ను వెక్కిరిస్తూ ఒక ముక్క రాయండి" అనేదాన్ని. నవ్వొచ్చేలా రాస్తే పాసు.