రెండు డబ్బాల బిట్లు

మా బావ చెక్క అంచులు తీర్చే రౌటర్ మెషిన్ బిట్లను రెండు డబ్బాల్లో పెట్టేవాడు. ఒకటి బిస్కెట్ల రేకు డబ్బా, రెండోది మూత పగిలిన ప్లాస్టిక్ డబ్బా. చెక్క అంచును గుండ్రం చేసేవి, గాడి కొట్టేవి, వంపు తిప్పేవి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కావలసినదాని కోసం ఆయన చెయ్యి పెట్టి కెలుకుతుంటే నాకు పళ్లు జివ్వుమనేవి. బిట్టు అంచున ఉండే కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు. రెండు బిట్లు రాసుకుంటే అంచు చిట్లుతుంది. చిట్లిన బిట్టు చెక్కను కొయ్యదు, కాలుస్తుంది.

బావ స్టీల్ ప్లాంటులో ప్యాటర్న్ షాపు మనిషి. ఇనుము పోతపొయ్యడానికి ముందు దాని రూపాన్ని చెక్కలో చేసేవాళ్లు అక్కడివాళ్లు. రిటైరయ్యాక ఈ హిందీ ఊళ్లోనే, సుపేలా మెయిన్ రోడ్డు వెనక సందులో వడ్రంగి షాపు పెట్టాడు. ఇప్పుడు దాన్ని నడిపేది ఆయన కూతురు, నా మేనకోడలు. నేను ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేసి ఇంటికి చేరినవాణ్ణి. పొద్దుటిపూట ఆ షాపులో టీ తాగడం, అడగని సలహాలివ్వడం నా వ్యాపకం.

పోయిన చలికాలం బావ కంటికి శుక్లం తీశారు. కొన్నాళ్లు రంపప్పొట్టు దరిదాపులకు వెళ్లొద్దన్నారు. ఆయన లేని ఆ రోజుల్లో బిట్లకు ఒక గూడు కట్టేద్దామని నాకు బుద్ధి పుట్టింది. మేనకోడలు ఒక టేకు పలక ఇచ్చింది.

"చేసెయ్యండి మావయ్యా, నాన్నుంటే ముట్టుకోనిస్తాడేటి? డబ్బాలంటే ఆయనకి జాన్, ప్రాణం" అంది.

రెండు రోజులు పట్టింది. ఏ బిట్టయినా దిగేలా కాస్త వదులుగా బెజ్జాలు వేశాను. పత్రికలో పాత కత్తిరింపులను విషయం వారీగా సర్దిన చెయ్యి నాది. ఇక్కడ ఆకారం వారీగా సర్దాను: గుండ్రానివి ఒక వరస, గాడివి ఒక వరస, వంపువి ఒక వరస, అలా మొత్తం ఆరు. ఒక్కో వరస కింద నా గుండ్రటి అక్షరాలతో చీటీ అతికించాను. బిట్లన్నీ తలలెత్తి నిలబడ్డాయి. ఒకదానికొకటి తగలడం లేదు. ఖాళీ డబ్బాల్లో ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో స్క్రూలు పోశాను. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడం దేనికి.

మర్నాడు పదకొండింటికి బావను చూడడానికి ప్లాంటు కాలనీ సెక్టారులో వాళ్లింటికి వెళ్లాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

"ఏరా, డబ్బాలు పారేసేవంట కదా. నీ మేనకోడలు చెప్పింది. పలక బాగా వొచ్చిందంట."

"వచ్చి చూద్దువుగాని బావా. ఆరు వరసలు."

"ఆరేటి? రెండు కదా ఉండాల."

"ఆకారాన్ని బట్టి పెట్టాను."

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. తీయకూడదు. ఎర్రగా ఉన్న కన్నుతోనే నా వైపు చూశాడు.

"రేకు డబ్బావీ, పలాస్టిక్ డబ్బావీ కలిపేసేవేటి?"

అప్పుడు చెప్పాడు. రేకు డబ్బాలోవి పాత బిట్లు, కాడ మందం పావు అంగుళం. వడ్రంగుల లెక్కలో రెండు సూత్. ప్లాస్టిక్ డబ్బాలోవి కొత్తవి, కాడ ఆరు మిల్లీమీటర్లు, షాపు మాటలో ఆరు ఎమ్మెం. రెంటికీ తేడా ఒక శుభలేఖ అట్టంత. కంటికి ఆనదు. షాపులో మెషిన్లు రెండు. కొత్తదాంట్లో కాడను బిగించే పట్టు ఆరు ఎమ్మెంది, అందులో పాత బిట్టు దూరదు, బాధ లేదు. పాతదాని పట్టు పావు అంగుళానిది. అందులో ఆరు ఎమ్మెం బిట్టు సుఖంగా దూరుతుంది. నట్టు తిప్పితే బిగిసినట్టే ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ చెక్కలో దిగాక మెల్లగా జారడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

"పాత మెషిన్‌కి రేకు డబ్బా, కొత్త మెషిన్‌కి పలాస్టిక్ డబ్బా." ఈ మాట ఆయన నోట నేను వంద సార్లు విన్నాను. మేనకోడలూ విన్నది. ప్లాంటులో ఫోర్‌మన్ మాటను ఎందుకని అడగరు, చేస్తారు. ఆ అలవాటు ఆయనతో పాటే ఇంటికి వచ్చింది. ఆయన ఎందుకో చెప్పలేదు, ఆమె అడగలేదు. అడగడమే వృత్తిగా బతికిన నేనూ అడగలేదు.

"ఇయాల ఏటి చేస్తంది అది?" అన్నాడు బావ.

చర్చి వాళ్ల ప్రసంగ వేదికకు ముందు పలక. దాని అంచుకు వంపు తీస్తానని పొద్దున నాతో అంది. టేకు గట్టిది, పాత మెషిన్ పెడతానంది.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మెషిన్ నడుస్తుంటే ఆమెకు ఫోన్ వినపడదు.

"నాను ఇక్కణ్ణించి కొడతాను, నువ్వెల్లు" అని బావ నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. ఆయన ఫోన్ లోపలెక్కడో ఉంది, వెతికే వ్యవధి లేదు.

ఆటో ఎక్కాను. "జల్దీ భయ్యా" అని ఎన్నిసార్లన్నానో. మెయిన్ రోడ్డు మీద బస్సు వెనక ఇరుక్కున్నాక ఆటోవాడు వెనక్కి తిరిగి, "ఉడ్ కే జావూఁ క్యా అంకుల్?" అన్నాడు. ఎగిరిపోమంటావా అని. నా చేతిలో ఫోన్ కూడా లేదు. ఆమె కుడిచేతి చూపుడువేలి మీద చిన్నప్పటి ఉలి గాటు ఒకటుంది. దారంతా నాకు ఆ వేలే కనిపించింది.

సందు మొదట్లో దిగగానే మెషిన్ రొద వినిపించింది. నడుస్తోంది. అంటే ఇంకా ఏమీ కాలేదు.

గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నాకు పక్కగా వంగి ఉంది. రెండు చేతులూ మెషిన్ మీద, కళ్లద్దాల వెనక చూపు అంచు మీద. పెద్ద స్విచ్ నా భుజం పక్కనే ఉంది. చెయ్యి ఎత్తాను. బావ షాపులో దీనికీ ఒక కట్టడి ఉంది: నడిచే మెషిన్ మీద చేతులున్న మనిషిని పిలవకూడదు, తాకకూడదు, కరెంటు తియ్యకూడదు. ఉలిక్కిపడితే చెయ్యి జారుతుంది. ఈ ఒక్కదానికి ఎందుకో నాకు తెలుసు. చెయ్యి దించాను. ఆమె ముందు ఇంకా మూరెడు అంచు మిగిలి ఉంది.

ఆ మూరెడూ ఆమె చేతులనే చూశాను. సగంలో రొద మారింది, గొంతు బరువెక్కినట్టు. ఆమె భుజాలు బిగిశాయి. మెషిన్‌ను నెమ్మదిగా బయటికి తీసి, స్విచ్ కట్టేసి, తిరగడం ఆగేదాకా పట్టుకునే ఉంది.

"ఏటి మావయ్యా, భూతంలా నిలబడ్డారు?" అని, నా మొహం చూసి, "నాన్నకి ఏటైనా అయిందా?" అంది.

"నాన్న బాగానే ఉన్నాడు. ప్లగ్గు పీకు."

పీకింది. నేను గుడ్డతో బిట్టును పట్టుకుని లాగాను. నట్టు బిగించే ఉంది. బిట్టు నా చేతిలోకి వచ్చేసింది.

తర్వాత ఆమె పలక అంచు మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్లింది. చివరి జానెడులో వంపు లోతుగా దిగిపోయింది. పలక పాడైంది.

నేను చెప్పిందంతా విన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బెంచీ మీద గిలగిల కొట్టుకుంటున్న ఫోన్ ఎత్తి, "నాన్నా, ఠీక్ హూఁ, బానే ఉన్నాను" అంది. అటువైపు బావ ఏడుస్తున్నాడని ఆమె మొహం చూస్తే తెలిసింది.

ఆ మధ్యాహ్నం పాడైన టేకులోంచి అరచేతంత ముక్క కోసి, సరిగ్గా ఆరు ఎమ్మెం బెజ్జం వేసింది. దాన్ని తాడుతో గూటి పక్కన కట్టింది. దూరిన బిట్టు కొత్త మెషిన్‌ది, దూరనిది పాతదానిది. నా చీటీలన్నీ గీకేసి, బిట్లన్నీ ఊడబెరికి ఒక పళ్లెంలో పోసి నా ముందు పెట్టింది.

"ఒక్కొక్కటీ ఇందులో పెట్టి చూసి చెప్పండి మావయ్యా. గట్టిగా చెప్పండి. నాకు వినపడాల."

మొదటిది తీశాను. దూరలేదు.

"రెండు సూత్" అన్నాను.

"ఇంకా గట్టిగా" అంది, నా వైపు తిరక్కుండా.