అడవా, తోటా?

బుద్రి అక్క ఫోన్ చెయ్యకపోతే ఆ చలిలో నేను కొండెక్కేవాణ్ణే కాదు. విశాఖలో నా కాఫీ బండికి గింజలిచ్చేది ఆవిడే. "తమ్ముడా, ఇదేసీ కంపెనీ బాబు తోట సూడ్డానికొత్తన్నాడు. నువ్వయితే మాటకి మాట సెబుతావు. బేగి రా!" అంది. ఆ విదేశీ కంపెనీ ఆయన సరేనంటే ఈ ఏటి పంట మంచి ధరకు ఓడెక్కుతుంది. కాదంటే సంతలో దళారి ఎంతంటే అంత.

తెల్లారే కిరండూల్ పాసింజరెక్కితే కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా ఒక రిటైర్డ్ లెక్చరరు. సంగతి చెప్పగానే ఇడ్లీ పొట్లం మూసేసి మరీ పాఠం మొదలెట్టారు.

"అడవి కొట్టి పండించిన కాఫీ కొనకూడదని ఐరోపాలో చట్టం చేశారోయ్. దాని వెనక పెద్ద తత్వం ఉంది. ప్రకృతి వేరు, మనిషి వేరు, మనిషి చెయ్యి పడనిదే అడవి అని అక్కడి పండితులు ఎప్పుడో అనుకున్నారు. ఇప్పుడు దేశాల మధ్య బేరాలు దాని మీదే."

"మరి అడవిలో ఉన్నవాళ్ళు ఎక్కడున్నట్టు సార్?" అన్నాను. ఇంతలో సొరంగం వచ్చి ఆయన జవాబు చీకట్లో కలిసిపోయింది. ఏడో తరగతిలో నేను బడి మానేసింది ఇలాంటి జవాబులు వినే.

అరకులో దిగి, షేర్ ఆటోలో ఇంకొకరి ఒళ్ళో కూర్చుని, పదకొండు దాటాక ఊరు చేరాను. కంపెనీ బాబు అప్పటికే తోటలో నిలబడి అడుగుతున్నాడు. "ఇది అడవా, తోటా?"

"రెండూనండి," అంది అక్క. "పైన అడివి, కింద కాఫీ."

"ఒకటే చెప్పాలమ్మా."

తోటంటే, మరి అడవి ఏమైందంటాడు. అడవంటే, అందులో నీకేం పనంటాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క చెట్టూ కొట్టలేదు సార్, పూచీ నాది," అన్నాను.

అప్పుడు ఆయన తలెత్తాడు. మేం నిలబడింది పందిరి కింద. అన్నీ పచ్చి పనస కొమ్మలు, ఇంకా పాలు కారుతున్నాయి.

"ఇవెక్కడివి?"

"మీకోసమేనండి!" అక్క మొహం వెలిగిపోయింది. "సుట్టానికి పచ్చటాకు పందిరెయ్యమేటి? పొద్దున్నే కొట్టించినాను."

ఆయన నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. "కొమ్మలే సార్, మళ్ళీ చిగురిస్తాయి," అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "పైవాళ్ళు చూసుకుంటారు," అన్నాడు. ఆ పందిరి నీడనే కూర్చుని, సామ అన్నం మారు వడ్డించుకుని మరీ వెళ్ళాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. మీరు వెళ్తే స్వెట్టరు మరవకండి, తత్వం మాత్రం కొండ కిందే దించేసి వెళ్ళండి. అనంతగిరి మలుపుల్లో సిగ్నల్ దొరకగానే అక్క ఫోన్. పందిరి ఫొటోలు చూసిన పైవాళ్ళు కొనరట. గింజలు శుక్రవారం సంతకే.

"ఆ బాబు మళ్ళీ వస్తే ఏం చేస్తావే?" అని కసిరాను.

"పందిరేత్తాను," అంది. "సుట్టాన్ని ఎండలో నిలబెడితే మమ్మల్ని మనుసులనుకుంటారేటి?"