అంజయ్య ముందే రాసి పెట్టిన పోస్టులు

పటాన్‌చెరులో నేను నడిపే చిన్న బ్లాగుల సర్వర్‌ను ఈ రోజు కొత్త మెషీన్‌కు మార్చాను. అందులో బ్లాగు రాసే, పాశమైలారం ఫ్యాక్టరీలో పనిచేసే అంజయ్యకు షిఫ్టుల వల్ల తీరిక ఉండేది కాదు. అందుకే వారం పోస్టులన్నీ ఆదివారమే రాసి, వాటంతటవే వెళ్లేలా తేదీలు వేసి పెట్టేవాడు. పోయిన నెల లారీ గుద్ది చనిపోయాడు. మిగిలిన నాలుగు పోస్టులను అప్పట్లో నేనే ఆపాను. కొత్త మెషీన్‌లో వాటిని మళ్లీ ఆపాలన్న సంగతి ఈ రోజు మరిచిపోయాను. చూసి ఆపేలోపే ఒకటి వెళ్లిపోయింది.

సాయంత్రం అతని భార్య ఫోన్ చేసింది.

"అన్నా, 'షిఫ్ట్ దిగిన, ఇంటికొస్తున్న' అని ఆయన బ్లాగుల వచ్చింది. పాప పోయి గేటు కాడ నిలబడ్డది."

"నాదే తప్పు చెల్లె, జల్దీ తీసేస్త."

"వద్దు. ఇంకెన్ని ఉన్నయి?"

"మూడు."



"వారానికొక్కటి ఇడువు అన్నా."

సరేనన్నాను. నాలుగో వారం ఆమె ఫోన్ చేస్తే ఏం చెప్పాలో మీలో ఎవరికైనా తెలుసా?