వేడినీళ్ళ వాసన

మొదట నేను అనుమానించింది మా ఆయన్ని. ఐస్‌లాండ్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో అతను స్నానం చేసి తలుపు తీయగానే గది నిండా ఉడికిన కోడిగుడ్డు వాసన వచ్చింది. పక్క గదిలో అత్తయ్య ఉంది.

"గుడ్లు యాడ పెట్టినవ్?" అన్నాను గొంతు తగ్గించి.

"ఏం గుడ్లు?"

"కతలు పడకు. బ్యాగ్ తియ్యి."

నేనే బ్యాగు బోర్లించాను. సాక్సులు, ఛార్జర్లు, తల్లి కోసం తెచ్చిన కారప్పూస. గుడ్డు లేదు. అయినా నమ్మకం కుదరలేదు. జర్మనీలో మేముండే ఎష్‌బోర్న్‌లో ఆఫీసు క్యాంటీన్‌లో రోజూ గుడ్లు లాగించి, ఇంట్లో తల్లి ముందు పప్పన్నం తప్ప ఎరగనట్టు కూర్చునే మనిషిని ఎలా నమ్మను?

మాది వరంగల్. కోడికూర వండకపోతే అది ఆదివారం కిందే లెక్క కాదు మా ఇంట్లో. వాళ్ళది తెనాలి దగ్గర. కొన్ని రోజులు ఉల్లిపాయ కూడా వాళ్ళ వంటింటి గడప తొక్కదు. జర్మనీలోనే జార్‌బ్రూకెన్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు ఇద్దరం ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. అత్తయ్య పెళ్ళికి వచ్చింది, అక్షింతలు వేసింది. నా చేతి వంట మాత్రం తినలేదు. తెనాలి వెళ్ళినప్పుడల్లా, "నువ్వు కూర్చోమ్మా, ప్రయాణం చేసొచ్చావు" అనేది. వారం గడిచినా నేను ప్రయాణం చేసొచ్చిన మనిషినే.

నాకు ఐదో నెల అని తెలిసి ఈ వేసవిలో మొదటిసారి జర్మనీ వచ్చింది. మా అమ్మ గవర్నమెంటు టీచరు, పురిటికి అన్నాళ్ళు సెలవు దొరకదు. అప్పటికి అత్తయ్య మళ్ళీ వచ్చి తోడుండకపోతే ఇక్కడ నాకు ఇంకో దిక్కు లేదు. ఆవిడేమో "చూద్దాంలే" అనడమే తప్ప, డాక్టరు ఏ తేదీ ఇచ్చిందని కూడా అడగలేదు. అందుకే ఆవిడ దిగే ముందు రోజే ఆమ్లెట్ పెనం, ఎగ్ బాయిలర్ అట్టపెట్టెలో పెట్టి, బిల్డింగ్ అడుగున అందరూ పాత సామాన్లు పడేసుకునే కెల్లర్‌లోకి చేర్చాం. ఆవిడ నా వంట తింది. అడిగి మరీ చారు పోయించుకుంది. అంతా సవ్యంగా సాగుతుంటే ఈ మహానుభావుడు ఐస్‌లాండ్ అన్నాడు. ఆరేళ్ళుగా మా ఎస్-బాన్ లోకల్ రైలు చివరి స్టేషన్ దాటని మనిషికి అగ్నిపర్వతాల మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రం వెంట తెచ్చుకున్న చిన్న రైస్ కుకర్లో అన్నం వండాను. తొందరగా ఉడుకుతుందని కుళాయి వేడినీళ్ళే పట్టాను. అత్తయ్య ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆగింది. ఒకసారి వాసన చూసి, నా వంక చూసి, కంచం పక్కకి జరిపింది.

"ఎందుకో ఆకలిగా లేదమ్మా."

మా ఆయన ఫోన్లో వెతికి, "ఇక్కడ వేడినీళ్ళు భూమిలోంచే వస్తాయే అమ్మా, అది గంధకం వాసన" అన్నాడు. "అలాగా" అంది ఆవిడ. ఆ అలాగాలో ఎంత అనుమానం ఉందో కోడళ్ళకే తెలుస్తుంది. ఉండబట్టలేక గెస్ట్‌హౌస్ ఆవిణ్ణి పిలిచాను. ఆమె ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో చెప్పాను.

"పాపం, నువ్వు ఏం చెప్పమంటే అదే చెప్తుందమ్మా ఆవిడ" అంది అత్తయ్య.

ఆ తర్వాత లోకమంతా ఎగబడి చూసే చోట్లన్నీ మేం అనుమానంతోనే చూశాం. ఒక జలపాతం వెనక్కి నడిచి వెళ్ళే దారి ఉంది. నీళ్ళ తెరలోంచి వెలుగు పడుతుంటే అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం, అత్తయ్య ఇవాళ కూడా అరటిపండుతోనే సరిపెట్టుకుంటుందా అని ఆవిడ సంచీనే చూస్తున్నాను. గడ్డి మొలిచిన కప్పు ఉన్న పాత చర్చి చూసి "వాన కారదూ?" అంది. నేల రెండుగా చీలుతున్న లోయకి వెళ్ళాం. వెయ్యేళ్ళ కిందట దేశం పెద్దలు అక్కడే సభ తీర్చి తగవులు తీర్చేవారట. మా తగవు తీర్చడానికి ఒక్కరూ మిగల్లేదు. వేడినీటి కొలను దగ్గర, బట్టల్లేకుండా స్నానం చేశాకే దిగాలని బోర్డు. అత్తయ్య బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూసింది, దాన్ని నేనే రాయించి పెట్టినట్టు. అసలు పొద్దే గుంకని దేశం అది. దీపం పెట్టే వేళ ఏదో తేలక సూర్యుణ్ణి కూడా నమ్మలేదావిడ. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

చివరి రోజు మా ఆయన ఒక సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళాడు. అక్కడ నల్లటి ఇసుకలోంచి పొగలు వస్తున్నాయి. ఒకామె పారతో తవ్వి, ముందురోజు పాతిపెట్టిన గిన్నెని బయటికి తీసింది. భూమి వేడికే అందులో రొట్టె ఉడికిపోయింది. గిన్నె బయటికి రాగానే గుప్పున అదే వాసన. అత్తయ్య వంగి ఇసుకని వాసన చూసింది. గిన్నె చూసింది. మళ్ళీ ఇసుక.

"ఇక్కడ నేలంతా ఇదే కంపా?"

"అవునండీ. ఆ రోజు అన్నంలోది కూడా ఇదే. ఒట్టు!" అన్నాను. గెలిచాననుకున్నాను.

కొడుకు ఫోటోల కోసం కాస్త దూరం వెళ్ళేదాకా ఆవిడ ఆగింది.

"కెల్లర్లో ఆ అట్టపెట్టె నేనొచ్చిన రెండో రోజే చూశానమ్మా. సూట్‌కేసులు పెట్టడానికి కిందికి దిగినప్పుడు."

నేను మా ఆయన ఎంత దూరంలో ఉన్నాడో చూశాను.

"నా కోసం వేరే పెట్టార్లే అనుకున్నాను. నువ్వే చెప్తావని చూశాను. చెప్పలేదు. ఇక్కడ అన్నంలో ఆ వాసన వచ్చేసరికి మనసు విరిగిపోయింది. గుడ్డుతో కాదమ్మా నా పేచీ. రేపు బిడ్డ ఎందుకేడ్చిందే అని అడిగితే నాకు నిజం చెప్తారా మీరు? అలాంటి ఇంటికొచ్చి నేనేం చేయను?"

ఆవిడ ఏం తిందా, ఏం తినలేదా అని ఇన్నాళ్ళూ నేను కంచాన్నే కాపలా కాశాను. ఆవిడ కాచింది నా నోటిని. సిగ్గేసింది. తెచ్చిపెట్టుకున్న నా మర్యాద భాష కూడా ఎటో పోయింది.

"తింటనండీ. డాక్టర్ తినుమన్నది. మీ అబ్బాయి గూడ తింటడు."

"వాడి సంగతి నాకు తెలీదూ! ఇంటరు చదివేటప్పటి నుంచీ తింటున్నాడు."

ఇసుక తవ్వినామె వెన్న రాసిన రొట్టెముక్కలు పళ్ళెంలో తెచ్చింది. అత్తయ్య ఒకటి తీసుకుని చేతిలోనే పట్టుకుంది.

"ఇందులో ఉందా?"

ఆమెని అడిగాను. రై అనే ధాన్యం పిండి, పంచదార, పాలు, ఉప్పు, సోడా అంది. "లేదంటండీ" అన్నాను.

"ఆవిడ ఏమందని కాదు. నువ్వు చెప్పు."

"లేదు, అత్తయ్యా."

రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. ఆ ముక్క అయ్యాక ఇంకోటి తీసుకుంటూ, నా వంక చూడకుండానే అడిగింది.

"డాక్టరు ఏ తారీకు చెప్పిందీ?"